బొమ్మగా దాచిన ఫిల్ము

కంప్యూటర్‌లో ఏదో ఒక ఫొటో వ్యూయర్‌తో ఆ ఫైలు తెరిస్తే, ముందు పాడైపోయిన ఫొటో అనుకుంటాం. నిలువునా పన్నెండు పట్టీలు, అడ్డంగా కంటికి లెక్క అందని సన్నటి చారలు. పైభాగంలో నలుపు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. కిందికి పోయేకొద్దీ నీలం, ఊదా, లేత గులాబీ, తెలుపు. గళ్ల లుంగీని దగ్గర పెట్టి ఫొటో తీశారా అని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం. ఫైలు పేరు మాత్రం కొడాక్ పోర్ట్రా 160. 1998లో మొదలైన పోర్ట్రా ఫిల్ముల్ని మనుషుల ఒంటి రంగు బాగా వస్తుందని పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఏరికోరి వాడారు. ఆ ఫిల్ము రంగుల తీరునంతా ఈ చారల బొమ్మలో సర్ది పెట్టారు. ఇందులో మనిషి లేడు, చెట్టు లేదు, ఆకాశం లేదు. ఏ ఫొటోలోనైనా సరే, ఏ రంగు వస్తే దాన్ని ఏ రంగుగా మార్చాలి అన్న లెక్క ఒక్కటే ఉంది.

ఇలాంటివి వందల్లో ఉన్న ఫోల్డర్ ఒకటి ‘రా థెరపీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు తోడుగా దొరుకుతుంది. బుడాపెస్ట్‌కు చెందిన గాబోర్ హోర్వాత్ 2004లో రా థెరపీ రాయడం మొదలుపెట్టాడు. 2010లో దాని మూలకోడ్‌ను అందరికీ తెరిచారు. అందులో ‘ఫిల్మ్ సిమ్యులేషన్’ అనే పనిముట్టు ఉంది. అది వాడుకునే బొమ్మల్ని పాట్ డేవిడ్, పావ్లోవ్ ద్మిత్రీ, మైఖేల్ ఎజ్రా అనేవాళ్లు తయారుచేసి ఇచ్చారు. జీతం కోసం చేసిన పని కాదు. కొడాక్, ఫ్యూజీ, ఇల్ఫర్డ్, ఆగ్ఫా, పోలరాయిడ్, రోలై పేర్లతో ఫోల్డర్లు కనిపిస్తాయి గానీ, వాటితో ఆ కంపెనీలకు ఏ సంబంధమూ లేదు. ఈ రంగు ఫలానా ఫిల్మును పోలి ఉంటుంది అని చెప్పడానికే ఆ పేర్లు.

ఫొటో ఎడిటింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట వెతికేది ప్రీసెట్లనే. ఒక్క నొక్కుతో రీలు కాలం నాటి రంగు వచ్చేస్తుందన్న ఆశ. ఆ ఆశను వెక్కిరించే సీనియర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ‘ప్రీసెట్ వేస్తే ఫొటోగ్రాఫరైపోతారా’ అంటారు. అవ్వరు, నిజమే. కానీ మంచి ప్రీసెట్ వెనక ఉన్న పనితనాన్ని గమనించకుండా వాడేవాళ్లూ, గమనించకుండా వెక్కిరించేవాళ్లూ ఒకే తప్పు చేస్తున్నారు. లోపలికి చూడనిదే అది మంచిదో చెడ్డదో తేలదు. ఈ చారల బొమ్మల గొప్ప అక్కడే ఉంది. వీటి లోపల దాపరికం ఏమీ లేదు. ఉన్నదంతా కళ్లెదుటే ఉంది.

ప్రీసెట్ అన్న పేరుతో రెండు వేర్వేరు వస్తువులు చలామణీ అవుతున్నాయి. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో సాధారణంగా ప్రీసెట్ అంటే స్లైడర్లు ఎవరో ఎక్కడెక్కడ ఆపారో రాసిపెట్టిన చీటీ. కాంట్రాస్ట్ ఇంత, హైలైట్స్ ఇంత, ఆకుపచ్చ పసుపు వైపు ఇంత. ఆ ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చదువుకోవచ్చు కూడా. రెండోది పట్టిక. అందులో స్లైడర్ల ప్రసక్తి లేదు. ఈ రంగు వస్తే ఆ రంగు ఇవ్వు అన్న జంటలే ఉంటాయి. 2018 నుంచి లైట్‌రూమ్ ప్రొఫైళ్లలోనూ ఇలాంటి పట్టికను దాచే వీలొచ్చింది, కాకపోతే అక్కడ అది లోపలెక్కడో ఉంటుంది, కంటికి కనబడదు. రా థెరపీ పట్టిక మామూలు పీఎన్‌జీ బొమ్మ. దీన్ని ‘హాల్డ్ క్లట్’ అంటారు. ఈ అమరికను రూపొందించింది స్వీడన్ ప్రోగ్రామర్ ఎస్కిల్ స్టీన్‌బర్గ్.

ఆ అమరికను కాస్త నిదానంగా చూడాలి. డిజిటల్ ఫొటోలో ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెల కలయిక. మూడు అంకెలంటే మూడు దిక్కులు, అంటే రంగులన్నీ ఒక ఘనంలో సర్దుకుని ఉంటాయి. ఘనాన్ని చదునైన కాగితం మీద పరచడం ఎలా? స్టీన్‌బర్గ్ చేసింది ఇదీ. పన్నెండో స్థాయి పట్టికలో ఒక్కో రంగుకు 144 మెట్లు పెట్టుకున్నాం అనుకోండి. మొదటి పిక్సెల్ శుద్ధ నలుపు. అక్కడి నుంచి కుడివైపు 144 పిక్సెళ్లలో ఎరుపు సున్నా నుంచి పూర్తిదాకా పెరుగుతుంది. అది అయిపోగానే ఆకుపచ్చ ఒక్క మెట్టు ఎక్కి, ఎరుపు మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. ఇలా ఒక వరుసలో పన్నెండు సార్లు. మనకు కనబడ్డ పన్నెండు నిలువు పట్టీలు ఇవే. పన్నెండు వరుసలు పూర్తయ్యేసరికి ఆకుపచ్చ తన 144 మెట్లూ ఎక్కేస్తుంది. అప్పుడు నీలం ఒక మెట్టు ఎక్కుతుంది. అలా 144 నీలపు మెట్లకు ఒక్కోదానికి పన్నెండు వరుసల చొప్పున మొత్తం 1728 వరుసలు. అడ్డం కూడా 144ను పన్నెండుతో హెచ్చిస్తే 1728. ఘనం ఎక్కడా ముక్క మిగలకుండా, ఎక్కడా ఖాళీ వదలకుండా, సరిగ్గా చదరంలో కూర్చుంది. చివరి పిక్సెల్ శుద్ధమైన తెలుపు.

మొత్తం గడులు 29,85,984. ఎనిమిది బిట్ల ఫొటోలో సాధ్యమయ్యే రంగులు 1,67,77,216. అంటే గడుల లెక్క మొత్తం రంగుల లెక్కలో ఆరింట ఒక వంతు కన్నా కొంచెం ఎక్కువ. పదహారో స్థాయి పట్టిక చేస్తే అది 4096 పిక్సెళ్ల చదరమై, రంగులన్నిటికీ ఒక్కో గడి దొరుకుతుంది. అంత అవసరం లేదు. ఎనిమిదో స్థాయిలో 512 పిక్సెళ్ల చదరంతోనూ మంచి పట్టికలు ఉన్నాయి. గడుల మధ్య పడే రంగులకు సాఫ్ట్‌వేరు చుట్టుపక్కల గడుల జవాబుల్ని దూరాన్ని బట్టి కలిపి లెక్కకడుతుంది.

ఇప్పుడు ఫోల్డర్లోనే ఉండే గుర్తింపు పట్టికను, అంటే ఏ రంగును ఆ రంగుగానే ఉంచే అసలు బొమ్మను ఒక పక్కన, పోర్ట్రాను ఒక పక్కన తెరిచి చూడండి. రెంటి మధ్య తేడాయే ఆ ఫిల్ము. ముందు బూడిద రంగుల్ని పట్టుకోండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సమంగా ఉన్న గడులు పట్టికలో 144 ఉంటాయి. ఒకదాని నుంచి తర్వాతి దానికి పోవాలంటే పన్నెండు వరుసలు కిందికి దిగి 145 పిక్సెళ్లు కుడికి జరగాలి, అంచు దాటితే ఇంకో వరుస దిగి ఎడమ నుంచి లెక్క అందుకోవాలి. కంటితో వెతకనక్కర్లేదు. నలుపు నుంచి తెలుపుకు సాగే బూడిద పట్టీ ఒకటి చేసి దానిమీద పట్టికను వేసినా అదే తెలుస్తుంది. నలుపు నలుపుగా ఉండదు, కాస్త పైకి లేస్తుంది. తెలుపుకు దగ్గరపడేచోట మెట్లు దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి. మధ్యలో మాత్రం మెట్లు నిటారుగా ఎక్కుతాయి.

ఈ వంపును కనిపెట్టింది ఈనాటి సాఫ్ట్‌వేర్ వాళ్లు కాదు. ఇంగ్లండ్‌లో విడ్నెస్ అనే రసాయన పరిశ్రమల ఊళ్లో ఫెర్డినాండ్ హర్టర్, వీరో డ్రిఫీల్డ్ అనే ఇద్దరు, ఫొటో ప్లేటు మీద ఎంత వెలుతురు పడితే ఎంత నల్లబడుతుందో కొలిచి 1890లో ప్రకటించారు. కింద నెమ్మదిగా మొదలై, మధ్యలో నిటారుగా లేచి, పైన మళ్లీ నెమ్మదించే గీత అది. డిజిటల్ సెన్సరు వెలుతురును అలా చూడదు. రెట్టింపు వెలుతురుకు రెట్టింపు అంకె ఇచ్చుకుంటూ పోయి, నిండగానే టక్కున ఆగిపోతుంది. తెల్ల చొక్కా మీద ఎండ పడ్డచోట మడతలన్నీ మాయమై సున్నం కొట్టిన గోడ మిగలడానికి కారణం ఇదే. ఫిల్ము పోలిక మన కంటికి హాయిగా అనిపించడంలో సగం పైగా పని ఈ వంపుదే, రంగులది తర్వాత.

రంగు ఫిల్ములో మూడు రంగులకు స్పందించే పొరలుంటాయి. మూడింటి వంపులూ ఒకదానికొకటి పూర్తి సమాంతరంగా నడవవు. కాబట్టి నీడల్లో ఒక రంగు వైపు, వెలుగుల్లో ఇంకో రంగు వైపు కొద్దిగా వాలుతాయి. నీడ కాస్త పచ్చబారి వెలుగు కాస్త వెచ్చబడటం లాంటివి ఇలా వచ్చేవే. ఫిల్ము కంపెనీల ఇంజనీర్లు దశాబ్దాల తరబడి తగ్గించడానికి తంటాలు పడిన లోపం ఇది. ఇప్పుడు ఆ లోపాన్నే జాగ్రత్తగా కొలిచి పట్టికలో పెడుతున్నారు. పనితనం ఎక్కడుందంటే, ఎంత పెట్టాలో తెలియడంలో. నాసిరకం ప్రీసెట్లు అమ్మేవాళ్లు నీడల్లోకి నీలం, వెలుగుల్లోకి నారింజ గుమ్మరించి పాతకాలం అని పేరు పెడతారు. మంచి పట్టికలో ఆ వాలు ఉందని, పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు.

నలుపు తెలుపు పట్టికలు చదవడం ఇంకా సరదా. బొమ్మంతా బూడిద చారలే. అయినా ఆ ఫిల్ముకు ఏ రంగు ఎంత వెలుగుగా కనబడేదో అందులో రాసుంటుంది. ఎరుపు పూర్తిగా ఉన్న గడి ఏ బూడిదగా మారిందో చూస్తే చాలు. 1954లో 35 ఎంఎం రీళ్లుగా వచ్చి పత్రికా ఫొటోగ్రాఫర్ల చేతుల్లో స్థిరపడ్డ కొడాక్ ట్రై-ఎక్స్ అన్ని రంగుల్నీ చూసే ఫిల్ము. రోలై ఆర్థో 25 అలా కాదు, ఎరుపు దానికి దాదాపు కనబడదు. దాని పోలిక వేస్తే నుదుటి కుంకుమ బొట్టు నల్లబడుతుంది, పెదవులు ముదురుతాయి, నీలాకాశం వెలిసిపోతుంది. అదే ఫోల్డర్లో రోలై ఐఆర్ 400 కూడా ఉంది. అక్కడ మాత్రం నేను ఆగిపోతాను. అసలు ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ములో చెట్ల ఆకులు తెల్లగా రావడానికి కారణం, ఆకులు మన కంటికి కనబడని కిరణాల్ని బాగా వెనక్కి కొట్టడం. ఆ సమాచారం మామూలు కెమెరా ఫొటోలో ఉండనే ఉండదు. పట్టికకు తెలిసింది రంగు ఒక్కటే. ఆకుపచ్చను తెల్లబరిస్తే వేపాకుతోపాటు పక్కన నిలబడ్డ అమ్మాయి ఆకుపచ్చ పట్టు పరికిణీ కూడా తెల్లబడాల్సిందే. అలాంటివాటిని సరదాకు వాడుకోవచ్చు గానీ పోలిక అనకూడదు.

ఇవన్నీ తయారయ్యేదెలా అన్నదే అసలు విషయం. ఒక ఫిల్ము రంగుల్ని కొలవాలంటే మామూలు పద్ధతి ఇది. ఒకే వెలుతురులో 24 రంగు గడులున్న చార్టును ఫిల్ము కెమెరాతో ఒకసారి, డిజిటల్ కెమెరాతో ఒకసారి తీస్తారు. 1976 నుంచీ వాడుకలో ఉన్న చార్టు అది. ఫిల్మును కడిగించి, స్కాన్ చేసి, రెంటినీ పోలుస్తారు. డిజిటల్‌లో ఇలా ఉన్న రంగు ఫిల్ములో ఇలా వచ్చింది అన్న 24 జవాబులు చేతికొస్తాయి. పట్టికలో నింపాల్సిన గడులు మాత్రం దాదాపు 30 లక్షలు. మిగతావన్నీ ఎవరూ కొలవనివి. వాటిని నింపడంలోనే ఉంది నేర్పంతా. కొలిచిన చోటుల మధ్య రంగులు మెత్తగా ఒకదానిలోంచి ఒకటి జారాలి. ఎక్కడైనా చిన్న మెట్టు పడిందంటే సాయంత్రపు ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది, బుగ్గ మీద నీడ అతుకు వేసినట్టు తేలుతుంది. కొలిచినదాన్ని అతిగా నమ్మితే పట్టిక ముడతలు పడుతుంది. నున్నదనం కోసం ప్రాకులాడితే ఫిల్ము స్వభావం ఎగిరిపోతుంది. చార్టులో దాదాపు శుద్ధమైన ఊదా రంగు ఉండదు, ఎల్‌ఈడీ దీపాల కింద తీసిన స్టేజీ ఫొటోలో ఉంటుంది. అక్కడ పట్టిక ఏం జవాబిస్తుందో దాన్ని చేసినవాడి తెలివికే తెలియాలి.

దీనికి తిరగేసిన ముచ్చట ఒకటుంది. ఫ్రాన్స్‌లోని కాన్ (Caen) నగరంలో గ్రేక్ అనే పరిశోధనాశాల ఉంది. అక్కడ డేవిడ్ చుంపెర్లే 2008లో జీ’మిక్ అనే బొమ్మల సాధనాన్ని మొదలుపెట్టాడు. పాట్ డేవిడ్ ఫిల్ము పోలికలు 2013లో జనం చేతుల్లోకి వచ్చింది ఈ జీ’మిక్ ద్వారానే. పట్టికలు వందలకు చేరేసరికి వాటి బరువు సమస్యైంది. రా థెరపీ సంకలనమే కొన్ని వందల ఎంబీ ఉంటుంది. అప్పుడు ఆ పరిశోధకులకు తట్టిన ఆలోచన ఏమిటంటే, మంచి పట్టిక ఎలాగూ మెత్తగా సాగుతుంది కదా, అందులో కీలకమైన కొన్ని రంగు బిందువుల్ని మాత్రమే దాచుకుని, మిగతా లక్షల గడుల్ని వాటి మధ్య మళ్లీ పూరించుకుంటే పోలేదా? ఒక్కో బిందువును పెట్టడం, పూరించడం, అసలు పట్టికతో పోల్చడం, ఎక్కడ ఎక్కువ తేడా ఉంటే అక్కడ ఇంకో బిందువు పెట్టడం. తేడా కంటికి అందనంత తగ్గాక ఆపేయడం. దీనితో పట్టికల పరిమాణంలో అతికొద్ది భాగమే మిగిలింది, వందల పోలికలు సాధనంతోపాటే ఇమిడి వచ్చేశాయి. నాకు ఇందులో నచ్చింది ఆదా ఒక్కటే కాదు. ఒక ఫిల్ము తన రంగును తానుగా నిలుపుకోవడానికి ఎన్ని బిందువులు కావాలో దీనివల్ల తేలుతుంది. సాదాసీదా పట్టిక కొద్ది బిందువులతో సరిపెట్టుకుంటుంది. వంకరలు ఎక్కువున్నది ఎక్కువ అడుగుతుంది.

కొడాక్రోమ్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1935లో సినిమా ఫిల్ముగా, 1936లో ఫొటో ఫిల్ముగా వచ్చింది. దాన్ని కనిపెట్టిన లియోపోల్డ్ గొడౌస్కీ, లియోపోల్డ్ మాన్నెస్ ఇద్దరూ వృత్తిరీత్యా సంగీతకారులు. మన రాజస్థాన్ నుంచి బయల్దేరి దేశమంతా తిరిగిన రఘుబీర్ సింగ్ రంగుల ఫొటోల్లో చాలా ఈ ఫిల్ము మీద తీసినవే. మామూలు రంగు ఫిల్ములో రంగు పుట్టించే పదార్థాలు ఫిల్ములోనే ఉంటాయి. కొడాక్రోమ్‌లో ఉండవు, కడిగేటప్పుడే ఒక్కో పొరకూ రంగు ఎక్కించాలి. అందుకే దాన్ని కడగగలిగిన ల్యాబులు ప్రపంచంలో కొన్నే ఉండేవి. 2009లో కొడాక్ తయారీ ఆపేసింది. చివరిగా మిగిలిన ల్యాబు, అమెరికాలో కాన్సస్ రాష్ట్రం పార్సన్స్ అనే చిన్న ఊళ్లోని డ్వేన్స్ ఫొటో, 2010 డిసెంబర్ 30తో రీళ్లు తీసుకోవడం మానేసింది. ఇవాళ ఎవరింట్లోనైనా కడగని కొడాక్రోమ్ రీలు దొరికినా, దాన్ని ఆ పాత పద్ధతిలో కడిగి రంగు తెప్పించే ల్యాబు లేదు. దాని రంగును కొత్త ఫొటోకు ఎక్కించాలంటే కొడాక్రోమ్ 64 అని పేరున్న ఈ చారల బొమ్మలాంటిదే గతి. పాత స్లైడ్లను చూసి చేసిన పోలికే అది, అసలు కాదు. అయినా అసలు తయారీ లేని చోట పోలికకు విలువ పెరుగుతుంది.

పట్టికకు చేతకానివి కూడా ఉన్నాయి. తన గడిలో పడ్డ రంగు ఫొటోలో ఏ మూల నుంచి వచ్చిందో పట్టికకు తెలియదు, పక్కన ఏముందో తెలియదు. అందుకని గ్రెయిన్, అంటే ఫిల్ము మీద కనబడే సన్నటి రేణువుల గరుకు, దానివల్ల రాదు. దీపం చుట్టూ ఎర్రటి కాంతివలయమూ రాదు. వెలుతురు ఫిల్ము పొరల్ని దాటి వెనక్కి కొట్టుకుని మళ్లీ లోపలి పొరల మీద పడితే ఏర్పడే వలయం అది. సినిమా ఫిల్ముకు వెనక నల్లటి పూత వేస్తూ వచ్చింది ముఖ్యంగా దాన్ని ఆపడానికే. ఆ పూత తీసేసి అమ్మే సినీస్టిల్ 800టీలో వీధి దీపాలన్నీ ఎర్రగా పొంగుతాయి. ఇలాంటివి కావాలంటే వేరే పనిముట్లు వేరేగా వాడాలి. ఫిల్ము తయారు చేసిన చేత్తోనే కెమెరాలూ చేస్తున్న ఫ్యూజీఫిల్మ్ ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. 2016లో ఎక్స్-ప్రో2తో వచ్చిన ఆక్రోస్ పోలికలో ఐఎస్‌ఓ పెరిగేకొద్దీ గ్రెయిన్ దానంతటదే మారుతుంది. కంపెనీ లోపల ఫిల్ము రసాయనం తెలిసినవాళ్లుంటే పని ఎలా వస్తుందో చూడాలంటే అది చూడాలి. కానీ ఆ పని కెమెరా లోపల మూసి ఉంటుంది. విప్పి చూసుకోవడానికి మనకు వీలైనవి ఈ ఉచిత బొమ్మలే.

ఫిల్ము కంపెనీని బట్టి రంగును గుర్తుపట్టడం మన సినిమా ప్రేక్షకులకు కొత్తేమీ కాదు. 1963లో లవకుశ పూర్తి రంగుల్లో వచ్చినప్పుడు అది గేవాకలర్. ఆ తర్వాత చాన్నాళ్లు పోస్టర్ మీద ఈస్ట్‌మన్ కలర్ అని రాయడమే ఒక ప్రచారం. రా థెరపీ సంకలనంలో ఒక్క లోటు మాత్రం చెప్పాలి. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్ము చేసింది. మన స్టూడియోలకు బాగా తెలిసిన పేరు. రోలైకీ లోమోగ్రఫీకీ చోటున్న ఈ సంకలనంలో ఇందు లేదు. తప్పు తయారుచేసినవాళ్లది కాదు, వాళ్ల దగ్గర ఆ ఫిల్ము ఉండి ఉండదు.

ఇక వాడకం. రా థెరపీలో సంకలనాన్ని విడిగా దింపుకుని, జిప్ విప్పి, ఆ ఫోల్డర్ ఎక్కడుందో సెట్టింగ్స్‌లో చూపిస్తే కలర్ ట్యాబ్‌లో ఫిల్ముల పట్టీ కనబడుతుంది. అక్కడ కొత్తవాళ్లు చెయ్యాల్సిన మొదటి పని ఏ ఫిల్మునూ నొక్కకపోవడం. వైట్ బ్యాలెన్స్ ముందు సరిచేయండి. బల్బు వెలుతురులో పసుపు కమ్మిన ఫొటోకు పట్టిక వేస్తే, ఆ పసుపును అది నిజమైన రంగే అనుకుని తన లెక్క ప్రకారం మారుస్తుంది, పాపం దానికేం తెలుసు. తర్వాత ఎక్స్‌పోజర్. రా థెరపీలో ఎక్స్‌పోజర్ మార్పు జరిగాకే రంగు పట్టికలోకి వెళుతుంది, కాబట్టి పట్టిక వేసి ఉంచి ఎక్స్‌పోజర్ స్లైడరు అటూ ఇటూ జరిపితే రంగులు కూడా దాంతోపాటు స్వభావం మార్చుకుంటాయి. ఒక ఫిల్ము వంపును ఎక్కడ పట్టుకోవాలో ఇలా జరిపి చూస్తేనే చేతికి తెలుస్తుంది. రా ఫైలు ఉంటే అదే వాడండి. ఫోన్ జేపెగ్‌కు ఫోన్ అప్పటికే తన వంపు వేసేసి ఉంటుంది, మీద ఇది రెండోది. అప్పుడు స్ట్రెంగ్త్ స్లైడరును సగానికి తగ్గించక తప్పదు. రా ఫైలుకైనా నూటికి నూరు అవసరమయ్యే ఫొటోలు తక్కువే.

పోలిక ఎంత బాగుందో తేల్చుకోవడానికి మనకు మంచి పరీక్ష మన పెళ్లి ఫొటోయే. మధుపర్కాల తెలుపు, దాని ఎర్రంచు, పసుపు రాసిన కాళ్లు, మామిడి తోరణం, చామనచాయ ముఖాలు, అన్నీ ఒక్క ఫ్రేములో. మధుపర్కం పిండివన్నెకు తిరిగినా పరవాలేదు, మడతలు మిగిలాయా లేదా చూడండి. పసుపు ఆవపిండి రంగుకు దిగితే ఆ పోలిక మన ఫొటోలకు పనికిరాదు. ముఖాల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. కొడాక్ ఒకప్పుడు ల్యాబులకు రంగు సరిచూసుకోవడానికి పంపిన ‘షర్లీ కార్డు’ల మీద ఉన్నది తెల్లజాతి యువతి. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు. మిగతా చర్మపు రంగులు ఆ కొలతలో చాలా ఏళ్లపాటు లేవు. ఈ రోజు అమ్మే ప్రీసెట్లలో ఎన్నో తెల్ల చర్మాల పెళ్లి ఫొటోల మీద సరిచూసినవే. నారింజ వన్నెను తేలికపరిచి వెలిగించే అలవాటు వాటిది. అది చామనచాయ మీద పడితే ముఖం బూడిద పూసినట్టు పాలిపోతుంది, లేదా ఇటుక రంగుకు తిరుగుతుంది. ఇంట్లో నాలుగు రకాల ఒంటి రంగులున్న ఫొటో ఒకటి దగ్గర పెట్టుకుని, ఏ పట్టిక వచ్చినా ముందు దానిమీద వేసి చూడటం మంచి అలవాటు. అమ్మమ్మ ముఖం అమ్మమ్మలా లేకపోతే ఫిల్ము పేరు ఎంత గొప్పదైనా పక్కన పెట్టేయండి.

సొంత పట్టిక చేసుకోవడం కూడా ఆశ్చర్యంగా తేలిక. గుర్తింపు పట్టికను ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి, కర్వ్స్ వంచి, రంగులు మార్చి, పీఎన్‌జీగా దాచి, ఆ ఫోల్డర్లో వేస్తే మీ చేతి పని కూడా పోర్ట్రా పక్కన ఒక ఫిల్ముగా చేరిపోతుంది. కొన్ని పనులు మాత్రం కూడదు. దాన్ని బ్లర్ చేయకూడదు, షార్పెన్ చేయకూడదు, సైజు మార్చకూడదు, జేపెగ్‌గా దాచకూడదు. పక్కపక్క పిక్సెళ్లు ఒకదానిలోకి ఒకటి కొంచెం ఒలికినా లెక్కంతా కలగాపులగమవుతుంది. ఈ కసరత్తు ఒకసారి చేసిన తర్వాత, ఇతరుల పట్టికల్ని చూసే కన్ను మారుతుంది. మీరు ఆకుపచ్చను కాస్త చల్లబరచాలనుకుని ఒక స్లైడరు జరిపితే పట్టికలో ఎన్నెన్ని చోట్ల రంగు కదిలిందో చూసినప్పుడు, ఫ్యూజీ వెల్వియా లాంటి ఫిల్ము పచ్చదనానికి, ముఖం పాడుకాకుండా, లోతు పెంచడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

సంకలనంలో అన్నీ ఒకే స్థాయిలో లేవు. పోలరాయిడ్ ఫోల్డర్లో వెచ్చనివి, చల్లనివి, గడువు తీరినవి అంటూ ఉన్నవాటిలో చాలావరకు ఆటకే పనికొస్తాయి. ఒకే ఫిల్ముకు పేరు పక్కన మైనస్ గుర్తు ఒకటి, ప్లస్ ఒకటి, రెండు ప్లస్సులు ఒకటి ఉండటం మొదట్లో తికమక పెడుతుంది. అవి ప్రభావం తక్కువ ఎక్కువల మెట్లు, అంతే. మైనస్ గుర్తున్నదాని నుంచి మొదలుపెట్టడం క్షేమం.

కొత్తవాళ్లకు నేను చెప్పేది రెండు ఫైళ్లు చాలని. రంగుకు పోర్ట్రా 160 ఎన్‌సీ, నలుపు తెలుపుకు ట్రై-ఎక్స్ 400. ఎన్‌సీ అంటే సహజ వర్ణాల రకం. కొడాక్ దాన్ని, దాని జోడీ వీసీనీ కలిపేసి 2011లో ఒకే పోర్ట్రా 160గా చేసింది కాబట్టి ఆ పాత రకం ఇప్పుడు అంగట్లో కొత్తగా దొరకదు. రెంటినీ స్ట్రెంగ్త్ అరవై దగ్గర పెట్టి ఇంట్లో ఫొటోలన్నిటి మీదా కొంతకాలం వాడండి. మూడో ఫిల్ము జోలికి పోయే ముందు ఆ రెండు బొమ్మల్నీ గుర్తింపు పట్టిక పక్కన తెరిచి, నలుపు ఎంత లేచిందో, ఎరుపు ఎటు వాలిందో చూసి రండి. సాఫ్ట్‌వేరు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. దానికీ, ఫిల్ముల ఫోల్డరుకూ పైసా ఖర్చు లేదు.